బిషప్పుగారి పెళ్ళి

మద్రాసు నుంచి సముద్రం వెంబడే దక్షిణంగా పోతే, కారైకాలుకు కొంచెం ఇవతల తరంగంబాడి అనే చిన్న ఊరు తగులుతుంది. ఒకప్పుడు అది డేన్మార్కువారి రేవు. వారు కట్టుకున్న కోట అలల ఒడ్డున ఇప్పటికీ నిలిచి ఉంది. ఆ ఊళ్ళో 1762 ప్రాంతాన ఒక ఫ్రెంచి ఉద్యోగి ఇంట ఆడపిల్ల పుట్టింది. కేథరిన్ అని పేరు పెట్టుకున్నారు. బంగారు జుట్టు, నీలి కళ్ళు, చక్కని చుక్క. ఆ పిల్ల పెరిగి పెద్దదై, నలభయ్యో ఏట, సముద్రాలు దాటి పారిస్ నగరంలో ఒక బిషప్పును పెళ్ళాడింది!

కేథలిక్ బిషప్పు పెళ్ళాడడమేమిటి అంటారు కాబోలు. రోములోని పోపుగారూ సరిగ్గా అదే అన్నారు. ఆ పెళ్ళికి అనుమతి ఇమ్మని నెపోలియన్ అంతటివాడు అడిగితే, పద్ధెనిమిది వందల ఏళ్ళలో పట్టాభిషేకం పొందిన ఏ బిషప్పుకూ అటువంటి అనుమతి ఇచ్చిన దాఖలా లేదని జవాబు వచ్చింది. అయినా పెళ్ళి జరిగింది. తరువాత ముప్ఫయ్యారేళ్ళపాటు ఆ పెళ్ళికొడుకు లెక్క తేలలేదు. అతను గురువా, గృహస్థా, వెలిపడ్డవాడా? ఆ లెక్క తేలిన రోజే అతని ప్రాణమూ పోయింది.

ముందు పెళ్ళికూతురు సంగతి.

కేథరిన్‌కు పదిహేనేళ్ళు నిండకముందే, 1777లో, చంద్రనగరంలో పెళ్ళి అయింది. వరుడు జార్జి గ్రాండ్, ఈస్టిండియా కంపెనీ కొలువులోని దొర. కాపురం కలకత్తాలో. ఏడాదిన్నర తిరక్కుండానే అల్లరి మొదలైంది. 1778 డిసెంబరు 8వ తేదీ రాత్రి గ్రాండుదొర విందుకని బయటికి పోగా, గవర్నర్ జనరల్ కౌన్సిలులో సభ్యుడైన ఫిలిప్ ఫ్రాన్సిస్ వెదురు నిచ్చెన వేసుకొని ఆ యింటి గోడ ఎక్కాడు. వారన్ హేస్టింగ్స్‌తో తరువాత పిస్తోళ్ళ ద్వంద్వయుద్ధం చేసిన ఫ్రాన్సిస్ ఇతనే సుమా. నౌకర్లు పట్టుకున్నారు. గ్రాండుదొర సుప్రీంకోర్టుకెక్కాడు. ముగ్గురు న్యాయమూర్తులలో ఒకాయన ఒప్పుకోకపోయినా, మిగతా ఇద్దరి మాట నెగ్గి, 1779 మార్చిలో 50,000 సిక్కా రూపాయల నష్టపరిహారం తీర్పు అయింది. ఆ రోజుల్లో ఆ సొమ్ముతో ఏమేమి కొనవచ్చునో పాఠకులే ఊహించుకోవాలి. మొగుడికి రొక్కం దక్కింది. ఫ్రాన్సిస్ పరువు పోయినా పదవి పోలేదు. ఆ పిల్లకు మాత్రం ఆ ఊళ్ళో నిలవనీడ లేకపోయింది. ఓడ ఎక్కి యూరపు చేరింది. 1783లో వీజే లెబ్రన్ అనే ప్రఖ్యాత చిత్రకారిణి వేసిన ఆమె బొమ్మ ఇవాళ న్యూయార్కు మెట్రోపాలిటన్ మ్యూజియంలో వేలాడుతూంది. అంత అందమూ చూసి తీరవలసిందే.

ఇక పెళ్ళికొడుకు. పేరు తాలిరాన్. 1754లో ఫ్రాన్సులోని గొప్ప జమీందారీ వంశంలో పుట్టాడు. ఒక కాలు అవిటి. ఆ వంశంలో పెద్దకొడుకు కత్తి పట్టాలి, సైన్యంలోకి పోవాలి. కుంటివాడు కత్తి ఏం పడతాడని, వారసత్వం తమ్ముడికి ఇచ్చి, ఇతణ్ణి మఠానికి పంపేశారు. అడిగినవాళ్ళు లేరు. ఇష్టం లేదంటే విన్నవాళ్ళూ లేరు. 1779లో గురుపట్టం కట్టారు. కలకత్తాలో కేథరిన్ వ్యాజ్యం తీర్పయిన సంవత్సరమూ అదే. ఇద్దరి తలరాతలూ ఒకే ఏడు రాసి పెట్టాడు దేవుడు! పదేళ్ళలో ఓతున్ పీఠానికి బిషప్పు. మన తెలుగు కేథలిక్కులు మేత్రాణులు అంటారే, ఆ హోదా.

ఈ బిషప్పుగారికి దైవచింతన కన్నా రాజకీయచింతన మెండు. 1789లో విప్లవం రాగానే, చర్చి ఆస్తులన్నీ జాతిపరం చేయాలని సభలో ప్రతిపాదించినవాడు ఇతనే. 1790 జూలై 14న పారిస్ మైదానంలో లక్షలాది జనం ఎదుట దివ్యపూజ చేయించినవాడూ ఇతనే. పీఠం ఎక్కబోతూ పక్కనున్న లఫయెత్తుతో, నన్ను నవ్వించకయ్యా బాబూ, అన్నాడని చెప్పుకుంటారు. మరుసటి సంవత్సరం, పోపు అనుమతి లేకుండా, ప్రభుత్వం ఎన్నుకున్న వారికి బిషప్పు పట్టాలు కట్టాడు. దానితో రోముకు కోపం వచ్చింది. ఆరవ పయస్ పోపు అతన్ని సస్పెండు చేసి, పశ్చాత్తాపపడకపోతే వెలి అని ప్రకటించాడు.

వెలి అంటే ఏమిటో మనవాళ్ళకు వేరే చెప్పనక్కరలేదు. మన పల్లెల్లో వెలివేస్తే నిప్పూ నీళ్ళూ బందు. విచిత్రమేమంటే పురాతన రోము శాసనంలోనూ శిక్ష పేరు అదే, నిప్పూ నీళ్ళూ నిషేధం. తాలిరాన్ ఆ కబురు తెలియగానే ఒక స్నేహితుణ్ణి భోజనానికి పిలుస్తూ, ఇవాళ నాకు నిప్పు ఇచ్చేవాడు లేడు గనుక చల్లని మాంసమూ చల్లని సారాయే గతి అని పరాచికమాడాడట. మనిషి అటువంటివాడు.

అతను ఇంగ్లండూ అమెరికా తిరిగి, 1797లో ఫ్రాన్సు విదేశాంగ మంత్రి అయ్యాడు. మరుసటి యేడు కేథరిన్‌ను గూఢచారిణి అన్న అనుమానంతో పోలీసులు పట్టుకున్నారు. తాలిరాన్ తన పైవారికి జాబు రాశాడు. ఆమె ఇండియా మనిషి, చాలా అందగత్తె, చాలా బద్ధకస్తురాలు, ఆమెకూ కుట్రలకూ ఆమడ దూరం అని దాని సారాంశం. ఆడదాన్ని జైలు తప్పించడానికి ఇంతకన్న విచిత్రమైన యోగ్యతాపత్రం ఎవరూ రాసి ఉండరు. ఆ ఏడే ఆమె ఫ్రెంచి చట్టం ప్రకారం గ్రాండుదొరకు విడాకులిచ్చి, మంత్రిగారి ఇంట్లో ఇల్లాలి స్థానంలో కూర్చుంది.

అక్కడ వచ్చింది చిక్కు. మంత్రిగారింట్లో విందులంటే విదేశాల రాయబారులు సతీసమేతంగా రావాలి. పెళ్ళికాని ఇల్లాలు ఎదురొచ్చే ఇంటికి మా ఆడవాళ్ళు రారని వారు మొండికేశారు. అప్పటికి ఫ్రాన్సుకు ప్రథమ కాన్సలైన నెపోలియన్ ఒక మాట తేల్చి చెప్పాడు: పెళ్ళన్నా చేసుకో, పంపేయన్నా పంపెయ్యి.

ఇక్కడ కథను కాసేపు ఆపి, చర్చి శాసనం సంగతి చెప్పుకోవాలి. లేకపోతే ఈ చిక్కు బోధపడదు.

తొలి వెయ్యేళ్ళలో కేథలిక్ గురువులకు భార్యలుండడం కొత్త కాదు. ఉండకూడదని శాసనాలు వచ్చేవి, అతిక్రమించినవారికి శిక్షలు పడేవి. కాని జరిగిన పెళ్ళి మాత్రం పెళ్ళే. 1139లో రోములోని లాటరన్ మహాసభలో రెండవ ఇన్నోసెంట్ పోపు ఇంకో మెట్టు ఎక్కాడు. గురుపట్టం కట్టినవాడు చేసుకున్నది అసలు పెళ్ళే కాదన్నాడు. తప్పు అనడం వేరు, లేదు అనడం వేరు. మూడు ముళ్ళు వేసినా, వెయ్యిమంది అక్షింతలు చల్లినా, శాసనం కంటికి అక్కడ ఏమీ జరగలేదు. అందుకే నేటికీ ఆ శాసనాల భాషలో గురువు పెళ్ళి చేసుకున్నాడని ఉండదు. పెళ్ళికి ప్రయత్నించాడు అని ఉంటుంది! పదిమంది పిల్లలను కన్నా పాపం ప్రయత్నమే. 14వ శతాబ్దంలో ఐదవ క్లెమెంట్ పేర వెలువడిన శాసనం, ఇటువంటి ప్రయత్నం చేసినవాడికి ఎవరూ తీర్పు చెప్పనక్కరలేకుండా, ఆ క్షణానే దానంతటదే వెలి పడుతుందన్నది. నిప్పు ముట్టుకుంటే కాలడానికి జడ్జీ ఎందుకు?

ఇంకొక సూక్ష్మం. గురువుకు మూడు ముళ్ళున్నాయి. మొదటిది పట్టం. అది చెరగని ముద్ర, పోపు కూడా తుడపలేడు. రెండవది హోదా, అంటే గురువుల వర్గంలో స్థానం, దానితోపాటు హక్కులు, విధులు. దీన్ని తీసివేయవచ్చు. మూడవది బ్రహ్మచర్యం. దీన్ని పోపు ఒక్కడే విప్పగలడు. రెండవ ముడి విప్పినంత మాత్రాన మూడవది విడిపోదు. ఈ చిన్నమాట మీదే తాలిరాన్ వ్యవహారమంతా నడిచింది.

అప్పటికి ఫ్రాన్సులో ఈ బాధ తాలిరాన్ ఒక్కడిది కాదు. విప్లవకాలంలో పెళ్ళాడిన గురువులు సుమారు 6,000 మంది అని చరిత్రకారుల అంచనా. అందరూ సుఖం కోరి చేసుకున్నవారు కారు. 1793, 94 సంవత్సరాల భీభత్సంలో, పెళ్ళి చేసుకున్న గురువు దేశభక్తుడు, చేసుకోనివాడు ద్రోహి. మెడ మీద తల నిలవాలంటే పెళ్ళి కాగితం చూపాలి. ముసలి వంటమనిషినే కాగితం మీద పెళ్ళాడి ఎప్పటిలాగే బతికిన ఫాదరులున్నారు. నిజంగా కాపురాలు పెట్టి, పిల్లలను కని, వ్యవసాయమో బడిపంతులు పనో చేసుకుంటున్న వారూ ఉన్నారు. 1801లో నెపోలియన్‌కూ పోపుకూ సంధి కుదరగానే వీరందరి గుండెల్లో రాయి పడింది. ఇప్పుడు నా గతి ఏమిటి? ఈ పిల్లల తల్లి నాకు ఏమవుతుంది?

పోపు ప్రతినిధిగా పారిస్ వచ్చిన కార్డినల్ కప్రారాకు ఈ జాబులు వేలకొలది వచ్చాయి. పాతకాగితాల కొట్లలో అవి ఇప్పటికీ భద్రంగా ఉన్నాయి. రోము కఠినంగానే ఉన్నా, కనికరం చూపింది. రెండు దారులు ఇచ్చింది. భార్యను విడిచి, ప్రాయశ్చిత్తం చేసుకొని తిరిగి గురువుగా పీఠం ఎక్కవచ్చు. లేదా భార్యతోనే ఉండి, వెలి తీయించుకొని, చర్చిలో సక్రమంగా పెళ్ళి చేసుకొని గృహస్థుగా బతకవచ్చు. కాని మళ్ళీ జన్మలో దివ్యపూజ చేయరాదు. ఏ దారి పట్టినా ఒకటి వదులుకోవలసిందే. చదువుకున్న పద్ధతికీ కన్న పిల్లలకూ మధ్య నిలబడి ఆ జాబులు రాసినవారి రాత్రులు ఎలా గడిచాయో ఊహించుకుంటే, తాలిరాన్ చమత్కారాలు అంత నవ్వు పుట్టించవు.

ఈ కనికరానికి ఒక గోడ ఉంది. మఠవ్రతాలు పట్టినవారికీ, బిషప్పులకూ ఇది వర్తించదు.

నెపోలియన్ తన మంత్రికోసం స్వయంగా అడిగాడు. పోపుగారు ఇరుకున పడ్డారు. నెపోలియన్‌ను కాదంటే కుదిరిన సంధి చెడుతుంది, అవునంటే శాసనం చెడుతుంది. 1802 జూన్ 29న రోము నుంచి ఒక శ్రీముఖం వచ్చింది. తాలిరాన్ వెలి తీసేశాము, ఇకమీద అతను గృహస్థుల వరుసలో నిలబడవచ్చు, మామూలు దుస్తులు వేసుకోవచ్చు, ప్రభుత్వోద్యోగం చేసుకోవచ్చు అని. పెళ్ళి మాట అందులో లేదు. అంటే రెండవ ముడి విప్పి, మూడవది బిగించే ఉంచారన్నమాట.

పారిస్‌లోని లాయర్లు తక్కువవాళ్ళా? ఆగస్టులో ప్రభుత్వం ఒక ఉత్తర్వు వేసింది. తాలిరాన్‌ను గృహస్థ జీవితానికి పంపిన పోపుగారి శ్రీముఖం సంపూర్ణంగా అమలు కాగలదని అందులో రాసి ఊరుకున్నారు. చదివినవాళ్ళు, ఇంకేం, పోపే ఒప్పుకున్నాడు అనుకున్నారు. 1802 సెప్టెంబరు 10న పారిస్ మునిసిపల్ కచేరీలో పెళ్ళి అయింది. పెళ్ళి ఒడంబడిక కాగితంపై నెపోలియన్, జోసెఫీన్ సంతకాలు పెట్టారు. గ్రాండుదొర అప్పటికి బతికే ఉన్నాడు. చర్చి విడాకులను ఒప్పుకోదు గనుక ఆ విధంగానూ ఈ పెళ్ళి చెల్లదు. దొరగారికి మాత్రం ఆఫ్రికా దక్షిణపు కొసన, గుడ్‌హోప్ అగ్రంలో, దూరాభారపు ఉద్యోగం ఒకటి దొరికింది. ఎవరి సిఫార్సో వేరే చెప్పాలా?

రెండేళ్ళకు, నెపోలియన్ పట్టాభిషేకానికి ఏడవ పయస్ పోపు పారిస్ వచ్చారు. ఊరి పెద్దమనుషులంతా సకుటుంబంగా పోయి ఆశీర్వాదం తీసుకున్నారు. విదేశాంగ మంత్రిగారి భార్యను మాత్రం తమ ఎదుటికి తేవద్దని పోపుగారు చెప్పారట. మునిసిపల్ పుస్తకంలో ఆమె భార్యే. పోపుగారి పుస్తకంలో ఎవరూ కాదు. 1806లో నెపోలియన్ తాలిరాన్‌ను బెనెవెంతోకు రాజును చేశాడు. అది పోపుగారి సొంత భూమి! తరంగంబాడి పిల్ల ఆ విధంగా పోపుగారి ఊరికే రాణి అయింది. కాని ఆ కాపురం నిలవలేదు. 1815 తరువాత ఇద్దరూ విడిగా ఉన్నారు. ఆమె 1835 డిసెంబరులో పారిస్‌లో కన్నుమూసింది. కబురు విన్న తాలిరాన్, దీనితో నా వ్యవహారం కొంచెం తేలికపడింది అన్నాడని చెబుతారు. ఏ మొగుడూ అనకూడని మాట. శాసనం తెలిసినవాడి మాట.

తరువాత శాసనం ఎటు నడిచిందో కూడా చూద్దాం. 1917లో చర్చి తన చట్టాలన్నీ ఒక స్మృతిగా కూర్చింది. అందులో 2388వ సూత్రం ప్రకారం గురువు రిజిస్ట్రారు కచేరీలో పెళ్ళాడినా సరే దానంతటదే వెలి. తీయగలిగేది రోము ఒక్కటే. హెచ్చరించినా మానకపోతే పట్టభ్రష్టత్వం. చేతిలోని ఉద్యోగం ఆ క్షణానే పోతుంది. అతన్ని కట్టుకున్న ఆడమనిషికీ అదే వెలి. 1936లో ఇంకా బిగించారు. పెళ్ళాడిన గురువు వెలి తీసే అధికారం రోములోనూ ఒకే ఒక న్యాయపీఠానికి పరిమితం చేశారు. 1960ల తరువాత గాలి మారింది. ఆరవ పాల్ పోపు కాలంలో వేలమంది గురువులకు బ్రహ్మచర్యం నుంచి విడుదల ఇచ్చారు. 1980లో రెండవ జాన్ పాల్ మళ్ళీ నిబంధనలు బిగించాడు.

1983లో వచ్చిన కొత్త స్మృతిలో వెలి పోయింది. దాని స్థానంలో సస్పెన్షన్ వచ్చింది. ఇదీ దానంతటదే పడుతుంది. 1394వ సూత్రం చెప్పేదేమంటే, హెచ్చరించినా దారికి రాకపోతే ఒక్కొక్క హక్కే తీసేస్తూ పోయి, చివరకు గురువర్గం నుంచే తొలగించవచ్చు. ఉద్యోగం పోవడం మాత్రం అప్పటిలాగే తక్షణం. అతన్ని కట్టుకున్న మామూలు స్త్రీకి ఈ సూత్రంలో శిక్ష లేదు. శిక్షల అధ్యాయం మొత్తాన్ని 2021లో తిరగరాసినా ఈ నియమం దాదాపు అట్లాగే నిలిచింది. మూడు ముళ్ళ సంగతీ మారలేదు. హోదా పోయినంత మాత్రాన బ్రహ్మచర్యం పోదని 291వ సూత్రం విడమరచి చెబుతుంది. అనుమతితో పెళ్ళాడిన మాజీ ఫాదరుకు కూడా పట్టం చెరగదు. రైలు ప్రమాదంలో ప్రాణం పోతున్న మనిషి ఎదురైతే, సంసారి అయిన ఆ మాజీ గురువే పాపసంకీర్తనం విని పాపవిమోచనం ఇవ్వవచ్చు. శాసనం అందుకు ఒప్పుకుంటుంది.

మన కాలంలోనూ తాలిరాన్‌కు ఒక జోడీ దొరికాడు. జాంబియాలో లుసాకాకు ఆర్చిబిషప్పుగా పనిచేసిన మిలింగో 2001లో న్యూయార్కులో ఒక సామూహిక వివాహంలో కొరియా వనితను చేపట్టాడు. పోపుగారు పిలిచి మాట్లాడగా ఆమెను విడిచి వచ్చాడు. తరువాత తిరిగి ఆమె దగ్గరకే పోయాడు. అయినా వెలి పడింది పెళ్ళికి కాదు. 2006లో పెళ్ళయిన నలుగురికి రోము అనుమతి లేకుండా బిషప్పు పట్టాలు కట్టినందుకు. 2009లో గురువర్గం నుంచి తొలగించారు.

మన తాలిరాన్ దగ్గరకు వద్దాం. 1838 వసంతానికి అతనికి ఎనభై నాలుగేళ్ళు. ఎందరు రాజులను ఎక్కించాడో, ఎందరిని దింపాడో! ఇప్పుడు మంచాన పడ్డాడు. మాటా మతీ చెక్కు చెదరలేదు. చర్చితో రాజీ కాకుండా పోతే దివ్యపూజ లేదు, క్రైస్తవ సమాధి లేదు. ఇంటివారికి అదే దిగులు. దూపాన్లూప్ అనే యువ గురువు రోజూ వచ్చి కూర్చునేవాడు. చేసిన తప్పులు ఒప్పుకుంటూ సంతకం పెడితేనే పాపవిమోచనమని పారిస్ ఆర్చిబిషప్పు కబురు. ముసలాయన కాగితాలు దిద్దుతాడు, మళ్ళీ దిద్దుతాడు, సంతకం మాత్రం పెట్టడు. జీవితమంతా సంధిపత్రాలు రాసినవాడు. తొందరపడితే బేరం చెడుతుందని ఎరుగు. పోపుకు రాసుకున్న జాబులో, తాను పుట్టిన పనికీ తనను పెట్టిన పనికీ పొత్తు లేదని చెప్పుకున్నాడు. అది మాత్రం అక్షరాలా నిజం.

మే 17 తెల్లవారుజామున, ఐదూ ఆరు గంటల మధ్య, సాక్షుల ఎదుట సంతకం పెట్టాడు. తేదీ మాత్రం మార్చి 10 వేయించాడు. మార్చిలో అతను విద్వత్సభలో గొప్ప ఉపన్యాసం ఇచ్చాడు గనుక, చావుభయంతో మతి చెడి సంతకం పెట్టాడని ఎవరూ అనకుండా! కొన్ని గంటలకు రాజు లూయీ ఫిలిప్ స్వయంగా చూడవచ్చాడు.

దూపాన్లూప్ పాపసంకీర్తనం విని, విమోచనం ఇచ్చి, అవస్థాభ్యంగనానికి తైలం చేత పట్టాడు. మామూలు మనుషులకైతే అరచేతులకు రాస్తారు. గురువులకూ బిషప్పులకూ పట్టాభిషేకంనాడే అరచేతులకు తైలం రాసి ఉంటారు గనుక, వెలుపలి వైపు రాయాలి. తాలిరాన్ పిడికిళ్ళు రెండూ బిగించి, బోర్లించి ముందుకు చాచాడు.

"మరచిపోకండి, నేను బిషప్పును" అన్నాడు.

ఆ మధ్యాహ్నమే ప్రాణం విడిచాడు.